ముందరి గది మనిషి, అతని పొగ బండి

పోయిన నెల మా మేనత్తను డయాలిసిస్‌కు తీసుకువెళ్లాను. మంచం పక్కన నిలబెట్టిన యంత్రం, దానికి తగిలించిన సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, వాటి మధ్యలో బొటనవేలంత డబ్బా ఒకటి, అందులోకి చుక్కలు చుక్కలుగా దిగుతున్న రక్తం. మా వాళ్లందరూ కొంగులూ రుమాళ్లూ తీసి కళ్లొత్తుకుంటున్నారు. నాకు మాత్రం ఇంజనాయిల్ గుర్తొచ్చింది.

"సిస్టర్, నురుగు వస్తే ఈ డబ్బాలనే ఆగుతది గదా?" అని అడిగాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మీరు స్టాఫా మేడమ్?" అంది.

"కాదు. మా ఇంట్ల ఒకాయన మోటారు సైకిల్‌కు ఇదే పెట్టిండు."

మా ఆడపడుచు నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. దవాఖానలో కూడా దీనికి ముచ్చట్లే కావాలి అని ఆ గిల్లుడుకు అర్థం. గిల్లితే గిల్లనీ. నేను అబద్ధం చెప్పలేదు.

అతను హనుమకొండలో మా ఇంటి ముందరి గదిలో కిరాయికి ఉండేవాడు. ఊరు తొర్రూరు పక్కన. ఒక ప్రైవేటు దవాఖానలో డయాలిసిస్ టెక్నీషియన్. ఆ గదిలో అతనూ, భార్యా, బయట రేకుల కింద ఒక పాత మోటారు సైకిలూ కాపురం ఉండేవాళ్లు. తర్వాత కరీంనగర్ వైపు ఏదో దవాఖానలో చేరి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. తెలిసినా ఫోన్ చేసి "రక్తం చూస్తే నువ్వు గుర్తొచ్చినవయ్యా" అని ఎట్లా చెప్పేది?

గొట్టం కనబడితే చాలు, గోటితో టక్కుటక్కుమని కొట్టేవాడు. గొట్టం గోడకు అంటుకున్న గాలి బుడగలు కొడితే పైకి లేస్తాయట. వార్డులో పట్టిన అలవాటు ఇల్లంతా తిరిగేది. చాయ్ ఇస్తే గ్లాసును కొట్టేవాడు. నీళ్ల ఫిల్టర్ పైపును కొట్టేవాడు. ఒకసారి వంటింట్లోకి అగ్గిపెట్టె కోసం వచ్చి గ్యాస్ గొట్టాన్ని కొట్టి వెళ్లాడు. "మన సిలిండర్‌కు కూడ బీపీ చూసి పోయిండే," అన్నాడు మా ఆయన.

ఇంకొకటి, అతని నోట్లో ఊతపదంలా నానే మాట ఉండేది. "వచ్చుడు కాదక్కా, పోవుడు చూడాలె." దేనికైనా ఇదే. ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర తొక్కులాట జరిగితే, లోపలికి వచ్చే తలుపు కాదు, చెయ్యి కడుక్కుని పోయే తలుపు చిన్నగా ఉందని తేల్చేవాడు. వానకు మా సందులో నీళ్లు నిలిస్తే వానను తిట్టేవాడు కాదు, మోరీని తిట్టేవాడు. మా ఆడపడుచు కుటుంబంతో వచ్చి తిష్ట వేసినప్పుడు కూడా గేటు దగ్గర నిలబడి, ఆమెకు వినబడేటట్టే అదే మాట అన్నాడు. ఆ ఒక్క సంగతిలో మా ఇద్దరికీ వాదన రాలేదు.

మిగతా అన్నిటిలో వచ్చింది. ముఖ్యంగా ఆ బండి గురించి.

ఆ బండికి అతను టర్బో బిగించాడు. టర్బో అంటే తెలియని వాళ్లకు నాకు అర్థమైనంత చెబుతాను. నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, మా ఆయనది బట్టల దుకాణం, కాబట్టి తప్పు పట్టదలచుకున్న ఇంజనీర్లు ముందు మా ఇంటికి వచ్చి నాతో వాదించి గెలవాలి. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని ఇంజన్లోకి ఒత్తి పంపుతుంది. గాలి పెరిగితే బలం పెరుగుతుంది. ఆ ఇరుసు తిరిగే వేగానికి ఆయిల్ అందకపోతే మాడి ఊరుకుంటుంది. అందుకని ఇంజను నుంచి సన్న గొట్టంలో ఆయిల్ ఒత్తిడితో వచ్చి ఇరుసును తడుపుతుంది. తడిపాక కింది గొట్టంలో తన బరువుతో తానే జారి మళ్లీ ఇంజను అడుక్కు చేరాలి. రావడానికి వెనక నుంచి తోసేవాడున్నాడు. పోవడానికి ఎవరూ లేరు, పల్లం తప్ప.

ఈ మహానుభావుడు దాన్ని తీసుకుపోయి ఇంజను కింద, సైలెన్సర్ మొదట్లో, నేలకు జానెడు ఎత్తున బిగించాడు. ఇంజన్లో ఆయిల్ నిలిచే మట్టం కంటే కిందికి.

"అంత కింద ఎందుకు పెట్టినవయ్యా?"

"పైన పెడితే మోకాలు కాలుతదక్కా. ఈడైతే జాగ ఉన్నది."

జాగా ఉంది, దారి లేదు. వచ్చిన ఆయిల్ వెనక్కి ఎక్కలేక టర్బోలోనే నిండి, ఇరుసు చుట్టూ ఆయిల్‌ను ఆపే సీళ్లు దాటి, వేడి సైలెన్సర్లోకి కారి, పొగై బయటికి వచ్చేది. పైగా బండి నిలిపి ఉంచినంతసేపూ పైనున్న ఆయిల్ సన్నగా దిగుతూనే ఉండేది. అందుకే పొద్దున కిక్ కొట్టగానే వచ్చే పొగ వేరే రకం. నీలంగా, చిక్కగా, మాడిన పోపు వాసనతో.

అసలు బండికి టర్బో ఎందుకు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తొలిచింది. ఎందుకంటే అడిగిన ఒక్కొక్కరికి అతను ఒక్కో జవాబు చెప్పేవాడు. మా ఆయనతో మైలేజీ అన్నాడు. భార్యతో, అమ్మేటప్పుడు మంచి రేటొస్తది అన్నాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్‌తో కంపెనీ ఫిట్టింగే సార్ అన్నాడు. నాతో మాత్రం, "ఊకెనే అక్కా, చూద్దామని," అన్నాడు. నలుగురికి నాలుగు చెప్పేవాడి దగ్గర ఐదోది ఒకటి ఉంటుందని నా నమ్మకం.

ఎండాకాలం ఒక పొద్దున వాకిట్లో మంచం మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. అతను డ్యూటీకి బయలుదేరుతూ కిక్ కొట్టాడు. వడియాలు, మంచం, ఆరేసిన చీరలు, మా అత్తగారు, ఏవీ కనబడలేదు. మా అత్తగారి దగ్గు మాత్రం వినబడింది.

"ఏమయ్యా! నేను వడియాలు ఎండకు పెట్టిన్నా, పొగకు పెట్టిన్నా?"

"ఫికర్ చెయ్యకక్కా, సీలు పోయింది. రేపు మారుస్త."

"పోయినసారి కూడ గదే అన్నవు. ఎన్ని సీళ్లు పోతయయ్యా నీ బండికి? ఇగో, చెప్తాన విను. దసరా దాక చూస్త. ఆ తర్వాత ఒక్కసారి పొగ వచ్చిందా, బండి గేటు బయట."

మా సందులో గేటు బయట బండి పెట్టడమంటే చెత్త ట్రాక్టరుకు అప్పగించడమే. వేరే చోట నిలిపే వసతి అతనికి లేదు. దసరాకు బాగుపడకపోతే అమ్ముకోవడం ఒక్కటే దారి. అతని ముఖం చిన్నబోయింది. లోపలి నుంచి భార్య మాత్రం ఉత్సాహంగా, "దసరా దాక ఎందుకక్కా, ఇయ్యాలనే ఎల్లగొట్టు. నాకంటె దాని మొకమే ఎక్కువ చూస్తాండు," అంది.

సీలు మార్చాడు. పొగ వచ్చింది. సీలు మంచిది కాదని ఇంకోటి తెచ్చి మార్చాడు. వచ్చింది. అప్పుడు నేను గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఊరుకోలేకపోయాను.

"ఊరందరికి పోవుడు చూడాలె, పోవుడు చూడాలె అని చెప్తవు గదా. నీ బండిల పోయే తొవ్వ యాడున్నది? కిందికి దిగిన ఆయిల్‌ను మళ్ల పైకి ఎవలు ఎక్కియ్యాలె, మీ మామనా?"

"ప్రెజర్ ఉంటదక్కా. అదే తోస్తది."

"ప్రెజర్ ఇరుసు దగ్గరనే అయిపాయె. ఆడికెల్లి గంజి వంచినట్టు జారుడే. గంజి పైకి వంగుతదా?"

అతను పానా చేతిలో పట్టుకుని బండి కిందికి వంగి చూశాడు. తర్వాత లేచి, "అక్కా, నువ్వు మా దవాఖానల ఉంటె పేషెంట్లు భయానికే బాగైతుండె," అని లోపలికి పోయాడు. ఓడినట్టు ఒప్పుకోవడంలో అదొక పద్ధతి.

మర్నాడు ఆయిల్ బయటికి వచ్చే చోట పారదర్శకమైన గొట్టం పెట్టి చూశాడు. నన్నూ పిలిచాడు. నీళ్లలా ధార కడుతుందనుకున్నాను. కాదు, గోధుమరంగు నురుగు. ఆ వేగానికి గాలితో చిలికినట్టై, మట్టిపొయ్యి మీద పొంగే గంజిలా బుసబుసలాడుతూ వచ్చింది. అతను గోటితో గొట్టాన్ని కొట్టాడు. బుడగలు లేచాయి. అతని కళ్లు కూడా.

"అక్కా, గిది మా పనే! నురుగును డబ్బాల ఆపాలె, తేరిన దాన్ని పంపు గుంజాలె. రోజు నేను చేసేది గదే!"

మూడు రోజుల తర్వాత నా నెయ్యి గిన్నె కనబడలేదు. వెతికి వెతికి బండి కింద చూస్తే, టర్బోకు దిగువన, రెండు గొట్టాలు అతికించుకుని వేలాడుతోంది.

"మూత మస్తు టైటున్నదక్కా. గసోంటిది బజార్ల దొరుకలే."

నేనేమన్నానో ఇక్కడ రాయను.

పంపు కూడా వార్డు నుంచి వచ్చిన ఆలోచనే. డయాలిసిస్ యంత్రంలో ఒక చక్రం మెత్తటి గొట్టాన్ని బయటి నుంచి ఒత్తుతూ తిరుగుతుంది. ఆ ఒత్తుడికి లోపలి రక్తం ముందుకు పోతుంది. తుక్కుకు పోయిన ఒక యంత్రం నుంచి ఆ చక్రం సంపాదించాడు. గడువు దాటిపోయి పారేయబోతున్న కొత్త గొట్టాల పొట్లం తెచ్చాడు. అన్నీ బిగించి ఒక ఆదివారం పొద్దున కిక్ కొట్టాడు. పొగ లేదు. గిన్నెలో నురుగు తేరుతోంది, చక్రం తిరుగుతోంది, ఆయిల్ బుద్ధిగా ఇంజన్లోకి ఎక్కుతోంది.

"ఎక్కు అక్కా. చౌరస్తా దాక పోయొద్దాం. నీ కండ్లతోని నువ్వే చూడు."

ముందు భార్యను అడిగాడట. "నాకు పిల్లలు కావాలె," అని తలుపు వేసుకుందట. నేను ఎక్కాను. మా ఆయన అరుగు మీద నుంచి, "ఇన్సూరెన్స్ కాయితాలు యాడున్నయో చెప్పి పో," అన్నాడు.

బండి నిజంగానే లాగింది. హంటర్ రోడ్డు మీద నా కొంగు జెండా అయింది. అబద్ధం ఎందుకు, నాకు నచ్చింది. చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక నుంచి ఏదో వెచ్చగా తాకింది. చూసేసరికి మా చుట్టూ నాలుగు ఆటోలు, ఒక బస్సు, అన్నీ నీలం మబ్బులో ఉన్నాయి.

"అన్నా, దోమల మందు కొడ్తానవా?" అన్నాడొక ఆటో అతను. ఇంకొకడు తల బయటికి పెట్టి, "వెనుక మేడమ్ మున్సిపాలిటీయా?" అన్నాడు.

"ఔ. ముందుగాల నీ ఆటోకే కొడ్తం, ఆగు," అన్నాను.

పక్కకు తోసుకుపోయి వంగి చూశాం. పంపులోని ఆ డయాలిసిస్ గొట్టం ఉడికిన సేమ్యాలా మెత్తబడి, చక్రం కింద చపాతీ అయి అతుక్కుపోయింది. రక్తం ఒంటి వేడిని దాటదు. ఆయిల్ సలసలా కాగుతుంది. పనిచేసినన్నాళ్లూ గోరువెచ్చటి దాన్నే నడిపించినవాడికి, గొట్టం వేడికి ఆగుతుందా అన్న అనుమానమే రాలేదు. వేరే ఏ మెకానిక్కూ ఈ తప్పు చేయడు. చేయాలన్నా చేతకాదు.

చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాం. గ్లాసును గోటితో కొట్టబోయి మానుకున్నాడు. దసరా ఎంతో దూరం లేదు.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎందుకు ఇదంతా? మైలేజీ అన్నవంటే ఈ చాయ్ నీ మీదనే పోస్త."

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అక్కా, మా దగ్గరికి సోమవారం వచ్చినోళ్లు మళ్ల బుధవారం వస్తరు. బుధవారం వచ్చినోళ్లు శుక్రవారం. నేనెంత మంచిగ చేసినా మళ్ల రావాల్సిందే. రాకుంటె..." అక్కడ ఆగాడు. అక్కడ ఎవరైనా రాకపోతే ఎందుకు రాలేదని అడగాల్సిన పని ఉండదు. "వేరే వార్డులల్ల డిశ్చార్జ్ అయితరు. మిఠాయి డబ్బాలు వస్తయి. దండం పెట్టి పోతరు, మళ్ల కనవడరు. మా వార్డుకు మిఠాయి ఎన్నడు రాలే. నా చేతుల మీద ఒక్కటన్న బాగై, మళ్ల నా దగ్గరికి రాకుంట పోవాలని ఉన్నదక్కా. మనిషి కాకుంటె బండన్న. అందుకే ఎవలతోని కానిది తెచ్చి పెట్టుకున్న."

ఐదో జవాబు దొరికింది. ఇంత చిన్నగా, ఇంత పెద్దగా ఉంటుందని అనుకోలేదు. అయినా మాట మాటే.

"నాకు కండ్లల్ల నీళ్లు తెప్పియ్యకు. దసరా అంటె దసరానే. లే, ఆటో మాట్లాడు. నేను నీ బండి ఎక్క."

తర్వాత ఇనుప పళ్ల చక్రాలున్న అసలైన ఆయిల్ పంపు తెప్పించాడు. కరెంటుతో నడిచేది, వేడికి భయపడనిది. బండి నిలిపినప్పుడు పైనుంచి ఆయిల్ కారకుండా వచ్చే గొట్టంలో స్ప్రింగూ గుండూ ఉన్న చిన్న తలుపు పెట్టాడు. ఈసారి పొద్దునా పొగ లేదు, సాయంత్రమూ లేదు. కింద పంపు మాత్రం తుమ్మెదలా జుయ్యిమంటూ ఉండేది. నా ముందు నిలబడి, చేతులు తుడుచుకుంటూ ఎదురుచూశాడు.

"బాగనే ఉన్నది," అన్నాను. "పంపు ఆగితే?"

"ఆగితే నిండుతది. పొగ వస్తది."

"అంటె బండి బతికినన్ని దినాలు పంపు తిరగాలె."

"ఔ."

"అంటె దీనికి కూడ డయాలిసిస్ పెట్టినవన్నట్టు."

అతను నవ్వలేదు. లోపల నుంచి మా ఆయన, "పాపం, కష్టపడి చేసిండు. నీ నోరు జర ఊకుంటే ఏమైతుండె," అన్నాడు. ఊరుకుంటే పంపు ఆగకుండా ఉంటుందా? ఉన్న సంగతి చెప్పాను.

వారం రోజులు బండి మీద గుడ్డ కప్పి ఉంది. అతను డ్యూటీకి బస్సులో పోయాడు. వాకిలికి పొగ బాధ తప్పినట్టే, నా షరతు కూడా తీరినట్టే. పంపుతోనే ఉంచుకుంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కానీ ఒక సెలవు రోజు గుడ్డ తీసి, పంపు ఊడదీశాడు. నెయ్యి గిన్నె ఊడదీసి, కడిగి, రెండు చిల్లులతో సహా నాకు వాపసు ఇచ్చాడు. చివరికి టర్బోనే ఊడదీశాడు.

"ఏం చేస్తానవయ్యా? దసరా ముంగట?"

"మీదికి ఎక్కిస్తాన."

"మోకాలు కాలుతదన్నవు?"

"కాలనీ."

సీటు వెనక, పక్కకు, ఆయిల్ మట్టానికి బాగా ఎగువన కొత్త పట్టీలు వేయించి అక్కడ బిగించాడు. పొగ గొట్టం అంత దూరం సాగదీసి, మోకాలి దగ్గర వేడికి ఆగే గుడ్డ చుట్టాడు. ఆయిల్ దిగే గొట్టం లావుది వేశాడు, ఎక్కడా వంపు లేకుండా, నురుగైనా సరే జారిపోయేటట్టు, నిట్టనిలువునా. దాంతో వెనక సీటు పోయింది.

"మరి నేనెట్ల ఎక్కాలె?" అంది భార్య.

"నువ్వు ఎన్నడు ఎక్కినవే?"

బతుకమ్మ రోజుల్లో ఒక పొద్దున, మా సందు ఆడవాళ్లందరం వాకిట్లో గునుగు పూలూ తంగేడు పూలూ కుప్ప పోసుకుని పేరుస్తున్నాం. అతను బండి దగ్గరికి నడిచాడు. ఎవరూ చెప్పకుండానే అందరూ పూల మీద కొంగులు కప్పారు. మా అత్తగారు లేచి లోపలికి పోయారు. కిక్ కొట్టాడు. ఇంజను దడదడలాడింది. ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి సైలెన్సర్‌ను చూస్తున్నారు. ఏమీ రాలేదు. అతను కాసేపు ఉంచి ఆపాడు. మళ్లీ కొట్టాడు. ఏమీ రాలేదు. తిట్టడానికి నోరు తెరిచి పెట్టుకున్న నేను, మూసుకోవడం బాగుండదని, "సరే, సరే. పూల మీద దుమ్ము వడుతాంది. పక్కకు తియ్యి," అన్నాను.

దసరా వెళ్లింది. దీపావళి వెళ్లింది. పొగ రాలేదు. రెండు నెలలు ఆ బండి మీదే డ్యూటీకి పోయాడు. వానలో, చలిలో, కాజీపేట బ్రిడ్జి ఎత్తులో అన్ని రకాలుగా చూసుకున్నాడు. తర్వాత ఒక పొద్దున నర్సంపేట నుంచి ఒకాయన వచ్చాడు. బండి అమ్మేశాడని అప్పుడు తెలిసింది.

"ఏమయ్యా, ఇంత చేసి అమ్ముడేంది? నేను పొమ్మన్ననా?"

"లేదక్కా. బాగైంది గదా," అన్నాడు, అదే జవాబైనట్టు.

నర్సంపేట ఆయనకు జాగ్రత్తలు చెప్పాడు. స్టార్ట్ చేయగానే గుంజొద్దు, జర వేడెక్కనియ్యాలె. దూరం నుంచి వచ్చినంక టక్కున ఆపొద్దు, కొంచెంసేపు నిలవెట్టి తిరగనియ్యాలె. ఆయిల్ చిక్కగయ్యేదాక ఉంచొద్దు, మార్చాలె. అచ్చం దవాఖాన గుమ్మంలో రోగి కొడుక్కు చెప్పినట్టే, భుజం మీద చెయ్యి వేసి, ఒక్కొక్కటి రెండేసిసార్లు చెప్పాడు. ఆ పెద్దమనిషి అన్నిటికీ తల ఊపి, బండెక్కి కూర్చుని, మర్యాదకు ఒక మాట అన్నాడు.

"మంచిదన్నా. ఏమన్న తక్లీఫ్ అయితే మళ్ల నీ దగ్గరికే తెస్త."

"తేవద్దు," అన్నాడు ఇతను.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇదేం మాటన్నా? బేరం అయినంక..."

"తేవద్దన్నా. ఇగ దాన్ని నా దగ్గరికి తేవద్దు." కోపం లేదు ఆ గొంతులో. బతిమాలుతున్నట్టుగా ఉంది.

ఆయన నా వైపు తిరిగాడు, ఈ మనిషికి బాగానే ఉందా అన్నట్టు. అందరికీ అన్నీ విడమరిచి చెప్పేదాన్ని, "ఆయన అట్లనే అంటడు. మీరు పోయిరండి," అని ఊరుకున్నాను.

బండి గేటు దాటింది. సందు మలుపు దాకా పొగ వస్తుందేమోనని నేను మెడ చాపి చూశాను. అతను చూడలేదు. అప్పటికే లోపలికి పోయి, డ్యూటీకి చొక్కా మార్చుకుంటున్నాడు. ఆ రోజు సోమవారం.